కాఫీ మెషిన్‌కి గార పట్టింది, వెనిగర్ పోయొచ్చా?

ప్రశ్న: మాది రాజమండ్రి. రెండేళ్ల కిందట మా అబ్బాయి దగ్గర ఉందామని హైదరాబాద్, నిజాంపేట వచ్చేశాం. వచ్చిన కొత్తలోనే వాడు డ్రిప్ కాఫీ మెషిన్ ఒకటి కొనిచ్చాడు. అప్పట్లో ఆరు కప్పుల కాఫీ ఏడెనిమిది నిమిషాల్లో దిగేది. ఇప్పుడు పావుగంట దాటినా పూర్తిగా దిగట్లేదు. ఒకటే గురగుర, పైనుంచి ఆవిరి. జగ్గులో పడ్డ కాఫీ గోరువెచ్చగా, చప్పగా ఉంటోంది. నీళ్లు పోసే తొట్టి అడుగున తెల్లగా సున్నం కట్టింది. పక్కింటావిడ వెనిగర్ పోసి ఓసారి తిప్పమంది. మా వారేమో అది యాసిడ్, లోపలి గొట్టాల్ని తినేస్తుంది, పైగా అందులోనే మనం కాఫీ తాగాలి, వద్దంటున్నారు. ఫోన్‌లో ఎవరో చెప్పింది విని వెనిగర్‌లో వంటసోడా కలిపి పోశాను. బాగా పొంగింది గానీ ఏ మార్పూ లేదు. మాకు బోరు నీళ్లే, చాలనప్పుడు ట్యాంకర్ తెప్పిస్తారు. తాగడానికి ఆర్‌ఓ ఉంది, కాఫీకి మాత్రం మామూలు కుళాయి నీళ్లే పోస్తున్నాను. వెనిగర్ వాడొచ్చా? వాడితే ఎంత, ఎలా?
— ఒక పాఠకురాలు, నిజాంపేట

సమాధానం: వాడొచ్చమ్మా. మీది మామూలు డ్రిప్ మెషిన్ కాబట్టి నిశ్చింతగా వాడొచ్చు. మెషిన్‌తో వచ్చిన పుస్తకం ఇంట్లో ఉంటే ముందు ఒకసారి తిరగేయండి. అందులో వెనిగర్ వద్దని స్పష్టంగా రాసి ఉంటే మాత్రం ఆ కంపెనీ మాటే వినండి. అలా లేకపోతే, మీరు రాసిన లక్షణాలన్నీ గార పట్టిన మెషిన్‌వే. దానికి వెనిగర్ సరైన మందు.

ఇన్నేళ్లూ గోదావరి నీళ్లతో వంటా వార్పూ చేసుకున్న మీకు ఈ గార కొత్తగా కనిపించడంలో వింత లేదు. హైదరాబాద్ కింద ఉన్నది రాతి నేల. బోరు నీళ్లు ఆ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి కాల్షియం, మెగ్నీషియం లవణాల్ని తమలో కలుపుకుంటాయి. ఇక్కడికొచ్చాక సబ్బు సరిగా నురగ రావట్లేదని, కందిపప్పు ఎన్ని కూతలు వచ్చినా పలుకుగానే ఉంటోందని మీకు ఈపాటికే అనిపించి ఉంటుంది. బాత్రూమ్‌లో షవర్ చిల్లులు పూడిపోవడం, గీజర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చులు కట్టడం కూడా ఈ నీళ్ల పనే. కాఫీ మెషిన్‌లో అదే జరిగింది, కాకపోతే లోపల జరిగింది కాబట్టి మీ కంటికి ఆనలేదు.

గారగా మారే ఈ లవణం నీళ్లలో కరిగి ఉన్నప్పుడు దాన్ని కాల్షియం బైకార్బొనేట్ అంటారు. వేడి తగలగానే అది విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారి వేడి తగిలిన చోటే అతుక్కుంటుంది. మీ మెషిన్‌లో పంపు ఉండదు. తొట్టిలోని చన్నీళ్లు అడుగున ఉన్న సన్నటి గొట్టంలోకి దిగుతాయి. ఆ గొట్టాన్ని ఆనుకునే వేడి చేసే కాయిల్ ఉంటుంది. అక్కడ నీళ్లు మరిగి, ఆవిరి బుడగలు నీటిని పైకి నెట్టి కాఫీ పొడి మీద చిలకరిస్తాయి. వెనక్కి పోకుండా మధ్యలో చిన్న కవాటం ఒకటి అడ్డు. ఇప్పుడు ఆ సన్నటి గొట్టం లోపల గోడలకు గార పేరుకుందనుకోండి, దారి ఇరుకవుతుంది, కాయిల్ వేడి నీటికి సరిగా అందదు. నీళ్లు కొద్దికొద్దిగా ఎగదన్నుతాయి, మిగిలింది ఆవిరిగా పోతుంది. మీరు విన్న గురగుర అదే. మంచి కాఫీ దిగాలంటే పొడి మీద పడే నీళ్లు 90 నుంచి 96 డిగ్రీల వేడిలో ఉండాలి. మీ మెషిన్‌లో ఆగి ఆగి పడుతున్నాయి కాబట్టి పొడి మీద చేరేసరికే చల్లారిపోతున్నాయి. కాఫీ చప్పబడింది అందుకే, పొడిని అనుమానించకండి.

తొట్టి అడుగున కట్టిన తెల్లటిది సున్నపు గారేనా కాదా అన్న అనుమానం ఉంటే, ఒక చెంచాడు వెనిగర్ దాని మీద వేసి చూడండి. సన్నటి బుడగలు లేస్తే అది గారే. కోడిగుడ్డును వెనిగర్‌లో వేస్తే ఒకటి రెండు రోజుల్లో పెంకు కరిగిపోయి లోపలి పొరతో మెత్తగా మిగులుతుంది, బడిపిల్లలు చేసే ప్రయోగమే. గుడ్డు పెంకూ కాల్షియం కార్బొనేటే, మీ గారా అదే. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం దాన్ని నీటిలో కరిగిపోయే కాల్షియం ఎసిటేట్‌గా మార్చేస్తుంది. తర్వాత మంచినీళ్లు పారిస్తే కొట్టుకుపోతుంది.

ఇక మీ వారి మాట. అది యాసిడ్ అన్నమాట నిజం. అయితే మన కిరాణా కొట్లలో దొరికే తెల్ల వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం సుమారు నాలుగు శాతమే. నూడుల్స్‌లో, మిరపకాయ సాస్‌లో మనం తినేది దాన్నే. సగానికి సగం నీళ్లు కలిపి, అరగంటో గంటో ఉంచి కడిగేస్తే గొట్టానికి ఏమీ కాదు. ఆయన భయానికి అసలు కారణం ఒకటుంది, దాన్ని మాత్రం కొట్టిపారేయకండి. చాలా మెషిన్లలో ఆ గొట్టం అల్యూమినియంది. అల్యూమినియాన్ని పులుపులో గంటల తరబడి నానబెడితే అది నిజంగానే తినుకుపోతుంది. కాబట్టి రాత్రి పోసి పొద్దున్నే తీద్దాం అనే పద్ధతి వద్దే వద్దు. చిక్కటి వెనిగర్ అయితే ఇంకా త్వరగా పోతుందన్న ఆశా వద్దు.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. కుళాయిలకు పట్టిన గార వదిలించడానికి మన ఇళ్లలో బాత్రూమ్ యాసిడ్ వాడే అలవాటు ఉంది. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఒక్క చుక్క కూడా కాఫీ మెషిన్ దరిదాపులకు రానివ్వకండి. అల్యూమినియం గొట్టానికి చిల్లులు పడతాయి, ఊపిరి తీసుకోలేని పొగలొస్తాయి, ఏ మాత్రం మిగిలినా కడుపులోకి పోతుంది. అలాగే వెనిగర్ పని నడుస్తున్నంతసేపూ సింకులో బ్లీచింగ్ పౌడర్ గానీ, బ్లీచ్ ఉన్న క్లీనర్ గానీ లేకుండా చూసుకోండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. చిన్న వంటింట్లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

మీరు వంటసోడా కలిపి పోసినప్పుడు ఏమైందో కూడా చెబుతాను, ఎందుకంటే ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు. వెనిగర్ ఆమ్లం, సోడా క్షారం. రెండూ కలిసిన క్షణంలో ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మీరు చూసిన పొంగు గార కరుగుతున్న పొంగు కాదు, సోడాలోంచి వచ్చిన గాలి. అది చల్లారాక తొట్టిలో మిగిలింది గారను ఏమీ చేయలేని ఉప్పు నీళ్లే. వంటసోడాకు వేరే పని ఉంది, కింద చెబుతాను.

ఇప్పుడు అసలు పని. మెషిన్‌లోని పాత పొడి, ఫిల్టర్ కాగితం తీసేయండి. శాశ్వత జాలీ ఉంటే దాన్నీ తీసి విడిగా కడగండి. కొన్ని మెషిన్ల తొట్టిలో నీటిని వడకట్టే బొగ్గు ఫిల్టర్ చిన్నది ఉంటుంది. అదుంటే తప్పకుండా తీసి పక్కన పెట్టాలి, లేకపోతే వెనిగర్ వాసన పీల్చుకుని నెల రోజులు కాఫీలోకి వదులుతుంది. మీది ఆరు కప్పుల మెషిన్ అన్నారు, అంటే తొట్టిలో సుమారు ముప్పావు లీటరు పడుతుంది. అందులో సగం వెనిగర్, సగం ఆర్‌ఓ నీళ్లు పోయండి. తెల్ల వెనిగరే కొనండి. రంగు ఉన్నదీ, పళ్ల రసంతో చేసిందీ ఈ పనికి దండగ. సీసా మీద సింథటిక్ అని ఉన్నా ఫరవాలేదు, మనకు కావలసింది అందులోని ఆమ్లమే. గాఢ ఎసిటిక్ ఆమ్లం అని మందుల దుకాణాల్లో, రసాయనాల కొట్లలో దొరికేది మాత్రం వేరే సరుకు. అది చర్మాన్ని కాలుస్తుంది, దాని జోలికి పోకండి.

వంటింటి కిటికీ తెరవండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లు ఉంటే కాసేపు వేరే గదిలో ఉండమనండి, వేడెక్కిన వెనిగర్ ఆవిరి ముక్కుల్లో ఘాటుగా దూరుతుంది. జగ్గు కింద పెట్టి స్విచ్ వేయండి. నీళ్లు సగం దిగగానే ఆపేయండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఆ వేడి వెనిగర్ గొట్టం నిండా ఉండగా అరగంట కదపకుండా వదిలేయాలి, పని జరిగేది ఆ అరగంటలోనే. రెండేళ్ల గార కాబట్టి మీరు గంట దాకా ఉంచినా తప్పులేదు. తర్వాత మళ్లీ స్విచ్ వేసి మిగిలిందంతా దిగనివ్వండి. జగ్గులోకి తెల్లటి పెచ్చులు, సన్నటి ఇసుకలాంటిది రావచ్చు, కంగారు పడకండి. ఒక్కోసారి ఆ పెచ్చులే పైన నీళ్లు చిలకరించే చిల్లుల్లో ఇరుక్కుంటాయి. ప్లగ్ తీసి, చల్లారాక, పళ్లపుల్లతో మెల్లగా పొడవండి.

మీ మెషిన్‌కి ఒక్క విడత చాలకపోవచ్చు, ఎందుకో లెక్క చూపిస్తాను. మీ బోరు నీటిలో కాఠిన్యం, అంటే గార కట్టే లవణాల మోతాదు, లీటరుకు 400 మిల్లీగ్రాములు అనుకుందాం. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు, కాబట్టి 400 అన్నది ఊహకందని అంకె కాదు. రెండు పూటలా కలిపి లీటరున్నర నీళ్లు పోస్తే రోజుకు 0.6 గ్రాములు, నెలకు 18 గ్రాములు ఆ గొట్టంలోంచి వెళ్తున్నాయి. అంతా అతుక్కోదు, చాలా వరకు కాఫీతోపాటే బయటికి పోతుంది. ఆ మిగిలిందే రెండేళ్లుగా పేరుకుంది. మరి మనం పోసే 375 మిల్లీలీటర్ల వెనిగర్‌లో ఉన్న ఆమ్లం 15 గ్రాములు. అది ఎంత బాగా పనిచేసినా పన్నెండున్నర గ్రాముల గారకు మించి కరిగించలేదు. అందుకే ఒక్కసారి పోసి ఫలితం లేదని వదిలేయకండి. వేగం ఇంకా రాకపోతే మర్నాడు కొత్త వెనిగర్‌తో మళ్లీ చేయండి. వాడిన దాన్నే తిరిగి పోయడం దండగ, దానిలో సత్తువ అయిపోయి ఉంటుంది.

వెనిగర్ దిగాక ఆర్‌ఓ నీళ్లు తొట్టి నిండా పోసి, పొడి లేకుండా తిప్పండి. పావుగంట చల్లారనిచ్చి మళ్లీ తిప్పండి. మూడోసారి తిప్పాక జగ్గు వాసన చూస్తే వెనిగర్ ఆనవాలు ఉండకూడదు. ఉంటే నాలుగోసారి. ఆ రాత్రికి తొట్టి మూత తెరిచి వదిలేయండి. రబ్బరు, సిలికాన్ భాగాల్లో పట్టిన వాసన గాలికి పోతుంది. అందులోనే మనం కాఫీ తాగాలి అన్న మీ వారి సందేహానికి ఈ మూడు విడతల నీళ్లే జవాబు.

మెషిన్ ఎక్కడ పెట్టారో కూడా చూసుకోండి. గ్రానైట్ గట్టు మీదయితే చింత లేదు. పాలరాయి గానీ, తాండూరు, షాబాద్, బేతంచెర్ల బండలు గానీ అయితే కింద పాత చాప ఒకటి, దాని మీద పళ్లెం పెట్టండి. ఆ రాళ్లూ సున్నపు జాతివే. వెనిగర్ చుక్క పడితే అక్కడ మెరుపు పోయి మచ్చ మిగులుతుంది, తుడిచినా రాదు.

ఇంతసేపూ గార గురించే చెప్పాను. కాఫీ మెషిన్‌లో మురికి రెండు రకాలు. గార నీళ్ల వల్ల వచ్చేది, పులుపుకు కరుగుతుంది. రెండోది కాఫీ జిడ్డు. జగ్గు గోడలకు, పొడి వేసే గిన్నెకు గోధుమరంగులో పట్టేది అదే. పాతబడిన నూనెలాగే ఇదీ మక్కిపోయి, రేపటి కాఫీకి ఈరోజు చేదును అంటిస్తుంది. దీనికి వెనిగర్ పనికిరాదు. దీనికి సబ్బు, గోరువెచ్చని నీళ్లు కావాలి. మొండి మరకలకు వంటసోడా తడిపి రుద్దండి. సోడా చేయవలసిన పని ఇదీ. చేయి పట్టని జగ్గయితే గుప్పెడు బియ్యం, చెంచా ఉప్పు, కాసిని నీళ్లు వేసి గిరగిరా తిప్పితే లోపలి మరక ఊడుతుంది. వేడి మీద ఉన్న గాజు జగ్గులో చన్నీళ్లు మాత్రం పోయకండి, పగులుతుంది. జగ్గు, గిన్నె ఏ పూటకా పూట కడిగేయాలి, నెలకోసారి అంటే కుదరదు.

ఈ మాట మిగతా పాఠకులకు కూడా. ఎస్ప్రెస్సో మెషిన్లకు, క్యాప్సూల్ మెషిన్లకు వెనిగర్ పోయకండి. వాటిలో పంపు, సన్నటి కవాటాలు, రబ్బరు సీళ్లు చాలా ఉంటాయి. చాలా కంపెనీలు వెనిగర్ వద్దనే చెబుతాయి. వాటికి కంపెనీ చెప్పిన డీస్కేలింగ్ (గార వదిలించే) మందే కొనాలి, ఖరీదైనా సరే. పొయ్యి మీద పెట్టి కాఫీ దించే అల్యూమినియం మోకా పాత్రకు నీళ్లు కలిపిన వెనిగర్‌తో ఒక్కసారి మరగనిచ్చి వెంటనే కడిగేస్తే చాలు. మన ఇత్తడి ఫిల్టర్‌లో వెనిగర్ పోసి ఉంచితే చిలుము ఎక్కుతుంది. అయినా దాని చిల్లులు పూడేది గారతో కాదు, మెత్తటి పొడితోనూ జిడ్డుతోనూ. వేడినీళ్లలో సబ్బు వేసి నానబెట్టి, గట్టి బ్రష్‌తో అడుగునుంచి రుద్దితే వదులుతుంది.

నిమ్మ ఉప్పు వాడొచ్చా అని కూడా చాలామంది అడుగుతుంటారు. వాడొచ్చు, వాసన ఉండదు. లీటరు నీటికి ఒక టేబుల్ స్పూను, అంటే పదిహేను గ్రాముల దాకా. అయితే గార దట్టంగా ఉన్నచోట, చిక్కగా కలిపి బాగా వేడి చేస్తే అది కాల్షియం సిట్రేట్ అనే మరో తెల్లటి మడ్డిగా మారి గొట్టంలోనే దిగవచ్చు. కాబట్టి మీ రెండేళ్ల గారకు ముందు వెనిగరే మంచిదని నా అభిప్రాయం. ఒకసారి శుభ్రమయ్యాక నెలనెలా చేసే పైపై పనికి నిమ్మ ఉప్పు వాడుకోండి. నిమ్మకాయ రసం, చింతపండు పులుసు వద్దు. పిప్పీ పీచూ ఆ సన్నటి కవాటంలో ఇరుక్కుంటాయి.

రెండు మూడు విడతలు చేశాక కూడా నీళ్లు పైకి రాకపోతే కవాటం బిగుసుకుపోయి ఉండాలి, లేదా కాయిల్ పోయి ఉండాలి. అప్పుడు ఇంట్లో ఇంకేమీ చేయొద్దు, బాగుచేసేవాళ్లకు చూపించండి. ఒక జాగ్రత్త. గార పట్టిన మెషిన్ అతిగా వేడెక్కి, లోపలున్న థర్మల్ ఫ్యూజు, అంటే వేడి మితిమీరితే కరెంటు ఆపేసేది, ఎగిరిపోతుంది. అదే ఫ్యూజు మళ్లీ వేయకుండా తీగలు కలిపేసి, డైరెక్ట్ చేశాం అని ఇచ్చేవాళ్లున్నారు. మా బంధువుల ఇంట్లో అలాగే జరిగింది. మెషిన్ రెండు వారాలు పనిచేసి, ఒక సాయంత్రం అడుగున ప్లాస్టిక్ కరిగి పొగలొచ్చింది. ఎవరో ఒకరు పక్కనే ఉన్నారు కాబట్టి సరిపోయింది. ఫ్యూజు పోతే ఫ్యూజే వేయించండి. అది దొరకదంటే మెషిన్ వదులుకోండి.

గార మళ్లీ పట్టకుండా ఉండాలంటే నీళ్లు మార్చాలి. మీ ఇంట్లో ఆర్‌ఓ ఉంది కదా, కాఫీకీ అవే పోయండి. ఆ నీళ్లలో కాఫీ చప్పగా ఉంటుందని కొందరంటారు, నిజమే, కొంచెం ఖనిజాలున్న నీటిలోనే కాఫీ రుచి బాగా దిగుతుంది. అయినా బోరు నీళ్లకంటే ఇవే నయం. ఆర్‌ఓ లేనివాళ్లు నీళ్లు మరగకాచి, చల్లార్చి, కదపకుండా పైనీళ్లు వంచుకుంటే గారలో చాలా భాగం ఆ గిన్నెలోనే దిగిపోతుంది. గిన్నె తోమడం మెషిన్ తోమడం కంటే తేలిక. ఆర్‌ఓ మనిషి చూపించే టీడీఎస్ అంకెను చూసి మాత్రం కాఠిన్యం తెలిసిపోయిందనుకోకండి. అది నీటిలో కరిగిన అన్ని లవణాలనూ కలిపి ఇచ్చే లెక్క. కాఠిన్యానికి విడిగా పరీక్ష చేయించాలి. రాత్రి తొట్టిలో నీళ్లు మిగల్చకండి, వంపేసి మూత తెరిచి ఉంచండి.

శుభ్రం చేశాక ఆర్‌ఓ నీళ్లతో మొదటిసారి ఆరు కప్పులు పెట్టినప్పుడు స్విచ్ వేసిన దగ్గర్నుంచి ఆఖరి చుక్క దాకా ఎన్ని నిమిషాలు పట్టిందో చూసి, చిన్న కాగితం మీద రాసి మెషిన్ వెనక అతికించండి. ఆ అంకె మీద ఎప్పుడు రెండు నిమిషాలు ఎక్కువైతే అప్పుడు మళ్లీ వెనిగర్ సీసా తీయండి. ఆర్‌ఓ నీళ్లయితే నాలుగైదు నెలల దాకా ఆ అవసరం రాకపోవచ్చు. కుళాయి నీళ్లే పోస్తానంటే మాత్రం నెలకోసారి తప్పదు.